ఆశను తూచవచ్చునా?



వ్యాధితో బాధపడుచున్న మనుష్యునికి ఒక క్రొత్త మందు వలన మేలు కలుగునేమో యను ఆశ పుట్టినప్పుడు, ఆ ఆశను పరీక్షకు పెట్టుట న్యాయమా? వందమంది రోగులను చేర్చుకొని, యాబదిమందికి మందును, తక్కిన యాబదిమందికి చూపునకు అటువంటిదేయైన మందులేని మాత్రను ఇచ్చి, ఆరు నెలలు కనిపెట్టుట దయగలవారు చేయదగిన పనియేనా? ఈ ప్రశ్న డాక్టర్లకు మాత్రమే సంబంధించినదని మనము అనుకొనరాదు. ఇంటిలో పెద్దవారి మతి క్రమముగా తప్పుచుండగా చూచుచున్న ప్రతి కుటుంబమునకును ఇది నేడో రేపో ఎదురుపడును.

ఆ వ్యాధి ఎట్టిదో మీలో చాలమంది ఎరుగుదురు. మన గ్రామములలో దీనిని చాదస్తమనియు, ముసలితనమనియు చెప్పి ఊరకుందురు. కాని కన్న కుమార్తెను చూచి "నీవెవరమ్మా?" అని అడుగుట, అన్నము తిని చేయి కడుగుకొనిన వెంటనే తనకెవరును అన్నము పెట్టలేదని తగవుపడుట, ప్రొద్దు గ్రుంకగానే తన యింటి నడిమి గదిలోనే నిలువబడి "మా యింటికి పోవలెను" అని ఏడ్చుట వట్టి ముసలితనము కాదు. అది మెదడునకు పట్టిన రోగము. జర్మనీ దేశపు వైద్యుడగు ఆలోయిస్ ఆల్జైమర్ 1906లో దీని లక్షణములను మొదట వివరించెను గనుక, ఇందులో ముఖ్యమైన దానికి ఆయన పేరే పెట్టబడినది. 2021 నాటికి లోకములో 5 కోట్ల 70 లక్షల మంది ఇట్టి మతిభ్రంశముతో బ్రదుకుచుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశములో అరువది యేండ్లు దాటిన వారిలో ఇంచుమించు 88 లక్షల మందికి ఇది కలదని 2023లో ప్రచురింపబడిన ఒక పరిశోధన తెలుపుచున్నది. అనగా ప్రతి వందమంది వృద్ధులలో ఏడుగురికి పైగా.

ఈ వ్యాధిని నయము చేయు మందు ఇంతవరకు లేదు. కొంతకాలము జ్ఞాపకమును కాస్త నిలుపు మందులు కలవు. ఇటీవల వ్యాధి నడకను కొంత మందగింపజేయు మందులును వచ్చినవి. పోయిన జ్ఞాపకమును తిరిగి తెచ్చి యిచ్చునది మాత్రము ఏదియు లేదు. ఇట్టి స్థితిలో "క్రొత్త మందు దొరికినది" అను మాట ఎంత తియ్యగా నుండునో చెప్పనక్కరలేదు. అట్లు వినబడిన ఒక మందు చరిత్రను మీ యెదుట పెట్టి, పైని అడిగిన ప్రశ్నను దానితో కలిపి ఆలోచింప గోరుచున్నాను.

ఆ మందు పేరు డిమెబాన్. శాస్త్రజ్ఞులు దానిని లాట్రెపిర్డిన్ అందురు. 1983 నుండి రష్యాలో దానిని తుమ్ములు, దద్దుర్లు మొదలైన ఎలర్జీ బాధలకు వాడిరి. తరువాత అంతకంటె మంచి మందులు వచ్చుటచేత అది మూలబడెను. మాస్కో సమీపమున చెర్నోగొలొవ్కా అను పట్టణములోని ఒక పరిశోధనాలయమున సెర్గేయ్ బచూరిన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును, ఈ పాత మందు జంతువుల జ్ఞాపకశక్తికి మేలు చేయుచున్నదని కనుగొనిరి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు మెడివేషన్ అను చిన్న కంపెనీ దానిని చేపట్టి, ఆల్జైమర్ వ్యాధికి మందుగా పరీక్షింప పూనుకొనెను.

ఇందులో ప్రత్యేకత యేమనగా, ఈ మందు ఒక్కచోట మాత్రమే పనిచేయునది కాదు. సామాన్యముగా వైద్యులు ఒక తాళమునకు ఒక తాళపుచెవి అన్నట్లు మందును వెదకుదురు. మెదడులోని జీవకణముల మీద హిస్టమిన్, సెరటోనిన్ మొదలైన రసాయనములు వచ్చి తాకు తాళములవంటి స్థానములు కలవు. డిమెబాన్ వాటిలో హిస్టమిన్ తాళమును, పలువిధములైన సెరటోనిన్ తాళములను, మరికొన్నిటిని కూడ మూయును. ఇదిగాక జీవకణములలో శక్తిని పుట్టించు భాగములను కాపాడునని కూడ కొందరు తలంచిరి. మతి, మనస్సు, నిద్ర, భయము ఇవన్నియు ఒకదానితో ఒకటి పెనవేసికొనియున్నవి గనుక, ఒకే తాళమును తెరచుటవలన ప్రయోజనము తక్కువ, పెక్కు తాళములను కదలించు మందే మేలని వారి వాదము. వాదము వినుటకు సబబుగానే యున్నది.

అట్టి మందులు లేకపోలేదు. మనోవ్యాధులకు వాడు క్లోజపిన్ ఇందుకు నిదర్శనము. అది మెదడులో అనేక స్థానములమీద పనిచేయును. 1988లో అమెరికాలో ఏ మందుకును లొంగని 268 మంది రోగులమీద ఆరు వారములు దానిని పరీక్షించిరి. క్లోజపిన్ తీసికొనిన వారిలో నూటికి 30 మందికి గుణము కనబడగా, పాత మందు తీసికొనిన వారిలో నూటికి నలుగురికే కనబడెను. అది నేటికిని అనేకులను ఆస్పత్రి నుండి ఇంటికి తెచ్చుచున్నది. కాని పెక్కు తాళములు తెరచు చెవి, తెరువకూడని తలుపును కూడ తెరువవచ్చును. 1975లో ఫిన్లాండు దేశములో ఆ మందు వాడిన వారిలో కొందరికి రక్తములోని తెల్లకణములు నశించి, ఎనిమిదిమంది మరణించిరి. అందుచేత ఈ దినములలో అది తీసికొనువారికి క్రమము తప్పక రక్తపరీక్ష చేయుదురు. మేలైనను కీడైనను మనకు తెలిసినది పరీక్ష వలననే, జాగ్రత్తగా లెక్క వ్రాసికొనుట వలననే.

ఇక డిమెబాన్ సంగతి. రష్యాలో 183 మంది ఆల్జైమర్ రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు మందును, రెండవ గుంపునకు మందులేని మాత్రను ఇచ్చిరి. ఎవరికేది వచ్చినదో రోగికిని తెలియదు, పరీక్షించు డాక్టరుకును తెలియదు. ఆరు నెలల పిమ్మట చూడగా మందు తీసికొనినవారు తక్కినవారికంటె స్పష్టముగా మెరుగుగా నుండిరి. ఈ సంగతి 2008లో లాన్సెట్ అను ప్రఖ్యాత వైద్యపత్రికలో ప్రకటింపబడెను. ఆ సంవత్సరమే ఫైజర్ అను పెద్ద కంపెనీ 22 కోట్ల 50 లక్షల డాలర్లు ముందుగా ఇచ్చి ఈ పనిలో భాగస్థురాలాయెను. అనేక కుటుంబములు ఈ మందు ఎప్పుడు బజారునకు వచ్చునాయని ఎదురుచూడసాగెను.

ఇక్కడ ఆగి మీ హృదయమును మీరు అడుగుడి. మీ తండ్రికి ఈ వ్యాధి యున్నదనుకొనుడి. 2008లో ఈ వార్త మీరు చదివితిరి. ఇంకను మరొక పరీక్ష చేయవలెను, అందులో చేరినవారిలో కొందరికి మందులేని మాత్రయే దొరకును అని డాక్టరు చెప్పినయెడల, మీరేమందురు? "మా నాయనకు మిగిలినవి కొద్ది దినములు. ఆయనను త్రాసులో పెట్టి తూచకుడి. ఉన్న మందు ఇచ్చివేయుడి" అందురు కదా? ఈ మాటలో ప్రేమ యున్నది. దానిని తేలికగా త్రోసివేయువాడు రోగి ప్రక్కను ఎన్నడును కూర్చుండనివాడే.

అయినను తరువాత ఏమి జరిగినదో వినుడి. ఈసారి పెక్కు దేశములలో 598 మంది రోగులమీద అదే మందును, అదే విధముగా, ఆరు నెలలు పరీక్షించిరి. 2010 మార్చి నెలలో ఫలితము తెలిసెను. మందు మింగినవారికిని మందులేని మాత్ర మింగినవారికిని మధ్య చెప్పదగిన భేదమేమియు లేదు. హంటింగ్టన్ అను మరియొక మెదడు వ్యాధిగల 403 మందిమీద చేసిన పరీక్షయు 2011లో అట్లే ముగిసెను. కడపట, అంతకుముందే వాడుకలోనున్న డోనెపెజిల్ అను మందును ఆపకుండ, దానితో కలిపి 1003 మందికి ఒక సంవత్సరము ఇచ్చి చూచిరి. 2012 జనవరిలో అదియు నిష్ఫలమని తేలెను. అంతటితో ఆ ప్రయత్నమును మానుకొనిరి.

మొదటి పరీక్షలో అంత మేలుగా కనబడినది తరువాత ఎందుకు మాయమాయెను? ఎవరో మోసము చేసిరని అనుకొననక్కరలేదు. కొద్దిమందిలో యాదృచ్ఛికముగా ఒక ప్రక్కకు మొగ్గు కనబడవచ్చును. ఈ వ్యాధి దినదినమునకు మారుచుండును. ఒకనాడు పేరు మరచినవాడు మరునాడు చెప్పవచ్చును. డాక్టరు వారము వారము పలుకరించుటయు, కొడుకు దగ్గర కూర్చుండి ఓపికగా మాత్ర మింగించుటయు రోగికి ధైర్యము నిచ్చును. మనము దేనికొరకు మిక్కిలి ఆశపడుచున్నామో అది మన కన్నులకు త్వరగా కనబడును. ఇవన్నియు కలిసి మందు కాని దానిని మందువలె చూపగలవు. మందులేని మాత్ర మింగిన గుంపు లేకపోయినయెడల ఈ భేదమును ఎవడును కనుగొనలేడు.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును జ్ఞాపకము చేసికొనుడి. రాజు భోజనము వద్దనిన నలుగురు యౌవనులు పది దినములు శాకధాన్యములు తిని, రాజు భోజనము తినిన తక్కినవారితో తమ ముఖములను పోల్చి చూడుమని వేడుకొనిరి. రెండు గుంపులను ప్రక్క ప్రక్కను నిలిపి పోల్చుట విశ్వాసమునకు విరోధమని దానియేలు తలంపలేదు. అయితే అక్కడి అధికారికి ఎవరేమి తినిరో తెలియును. నేటి పరీక్షలో దానిని కూడ మరుగుచేయుదురు. ఎందుకనగా న్యాయముగా చూడగోరు కన్ను కూడ ఇష్టపడిన వైపునకు వంగును. దొంగత్రాసు అసహ్యమైనదని సామెతల గ్రంథము బియ్యము, బంగారము అమ్మువారిని గూర్చియే చెప్పినదని మనము తలంచుచుందుము. ఆశను అమ్మువానికి కూడ అది వర్తించును. పరీక్షింపబడని మందును నయము చేయునని చెప్పి అమ్ముట, రాయి తక్కువ పెట్టి తూచుటవంటిదే.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానము ఇది. ఆశను తూచవచ్చును, తూచవలెను కూడ. తూచకుండ 2008లోనే ఆ మందును అందరికిని ఇచ్చియుండినయెడల, పొలము కుదువబెట్టి, నగలు అమ్మి, ఏండ్ల తరబడి ప్రయోజనములేని మాత్రను మింగించియుండెడివారము. వైద్యులకై తన సొత్తంతయు ఖర్చుపెట్టి ఇంకను క్షీణించిన స్త్రీ కథ సువార్తలలో మనకు తెలిసినదే. ఆమెవంటివారు నేడును మన వీధులలో నున్నారు.

కాని ఈ సమాధానమునకు ఒక షరతు కలదు. త్రాసు నిజమైనదైతేనే చాలదు. అందులో కూర్చుండువాడు తెలిసి, ఇష్టపడి కూర్చుండవలెను. "ఇది మందు" అని చెప్పి మందులేని మాత్ర ఇచ్చినయెడల అది అబద్ధము. "నీకు మందే రావచ్చును, మందులేని మాత్రయే రావచ్చును, ఏది వచ్చునో నాకును తెలియదు, నీకు ఇష్టము లేనియెడల మానుకొనవచ్చును, మానుకొనినను నీ వైద్యము ఆగదు" అని చెప్పి ఇచ్చినయెడల అందులో మోసము లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బందీలమీద జరిగిన ఘోర ప్రయోగములను విచారించిన పిమ్మట, 1947లో న్యూరెంబర్గు న్యాయస్థానము మనుష్యుని స్వేచ్ఛాపూర్వకమైన సమ్మతి లేనిదే ప్రయోగము చేయరాదని నియమమేర్పరచెను. 1964లో హెల్సింకీ నగరమందు ప్రపంచ వైద్యసమాజము ఈ నియమములను విస్తరించెను.

మతిభ్రంశపు విషయములో చిక్కు ఇక్కడనే యున్నది. సమ్మతి యిచ్చుటకు మతి కావలెను. రోగము పట్టినది ఆ మతికే. అప్పుడు కుమారుడు సంతకము చేయును. కుమారుడు ప్రేమ చేత చేయునా, విసుగు చేత చేయునా, డాక్టరుగారికి ఎదురు చెప్పలేక చేయునా? ఒకరి పక్షమున మరియొకరు చేయు సంతకము ఎంత అపాయకరమో మన తెలుగు ప్రాంతమే ఒకసారి చూచినది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు ఒక టీకా వేసి చూచిన కార్యక్రమములో, అనేకచోట్ల తలిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సమ్మతి పత్రములమీద సంతకములు చేసిరని బయటపడెను. 2010లో ఆ కార్యక్రమమును ఆపివేసిరి. 2013లో పార్లమెంటు సంఘము దానిని గట్టిగా తప్పుపట్టెను. ఆ టీకా మంచిదా చెడ్డదా అనునది ఇక్కడి ప్రశ్న కాదు. ఆ సంతకము ఎవరిది అనునదే ప్రశ్న.

మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ విషయమున ఒక మంచి మాట చేర్చినది. తెలిసి సమ్మతి యివ్వలేని మనోరోగిమీద మందుల పరిశోధన చేయవలెననిన, ఆ రోగి ప్రతిఘటింపకుండినప్పుడు మాత్రమే, రాష్ట్ర అధికార మండలి అనుమతి తీసికొని చేయవలెను. అనగా పత్రము చదువలేని మనుష్యుడు కూడ మాత్రను చూచి తల త్రిప్పుకొనినయెడల, ఆ తల త్రిప్పుటకు విలువ కలదు. నోటితో వద్దని చెప్పలేనివాడు చేతితో త్రోసివేసిన దానిని మన్నించుట, అతడు ఇంకను మనుష్యుడే యని ఒప్పుకొనుట.

ఇంకొక మాట. ఈ పరీక్షలలో మందులేని మాత్ర మింగినవారిని గూర్చి మనము ఏమనుకొనవలెను? వారు నష్టపోయిరని లోకము అనును. డిమెబాన్ విషయములో మందు తీసికొనినవారును ఏమియు పొందలేదు గదా! కాని తమకు మేలు కలుగునో లేదో తెలియకయే, ఆరు నెలలు, సంవత్సరము, వైద్యులు చెప్పినట్లు నడచుకొని, ప్రశ్నలకు జవాబులు చెప్పి, తమ మరపును లెక్క వ్రాయనిచ్చిన ఆ వృద్ధులు తరువాత రాబోవు రోగులకు ఒక వ్యర్థమైన దారిని మూసిపెట్టిరి. తమ పేరు కూడ తాము సరిగా చెప్పలేని దశలో నున్నవారు పొరుగువానికి ఇంత ఉపకారము చేయగలిగిరి. ఇట్టివారిని మనము ఇంటిలో "ఎందుకును పనికిరాడు" అని యెట్లు అనగలము?

అందుకు ప్రతిగా పరీక్ష చేయువారికిని ఒక ఋణము కలదు. ఫలితము చేదైనను దాచకుండ చెప్పవలెను. 2010లో డిమెబాన్ వార్త వెలువడిన నాడు మెడివేషన్ కంపెనీ వాటాల విలువ ఒక్క దినములో మూడింట రెండు వంతులు పడిపోయెను. నష్టము తెచ్చు వార్తయే అయినను అది లోకమునకు తెలియవలసినదే. రోగులు తమ శరీరములను ఇచ్చి కొనిన సత్యమును పెట్టెలో పెట్టి తాళము వేయు హక్కు ఎవరికిని లేదు.

కాబట్టి సోదర సోదరీమణులారా, మీ యింటివారికి ఒక క్రొత్త మందు పరీక్షలో చేరుమని యెవరైన చెప్పినయెడల, భయపడి పారిపోకుడి, ఆశపడి సంతకమును చేయకుడి. ఈ ప్రశ్నలు అడుగుడి. ఇందులో మందులేని మాత్ర కలదా? ఇప్పుడు వాడుచున్న మందు ఆపుదురా? కీడు కలిగినయెడల వైద్యము, నష్టపరిహారము ఎవరు చూతురు? నడుమ మానుకొనవచ్చునా? మన దేశములో ఇట్టి పరీక్షకు అనుమతియు, నీతి సంఘము ఒప్పుదలయు ఉండవలెను, అవి కలవా? కాగితము తెలుగులో నున్నదా? చదువురానివారికి చదివి వినిపించిరా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపపడడు. కోపపడువాని యొద్ద సంతకము చేయనక్కరలేదు. డబ్బు తీసికొని, పరీక్షలో నున్న మందును ఇచ్చెదమనువాని జోలికి అసలే పోకుడి. వ్యాధి కుదురునని ముందుగానే ప్రమాణము చేయువాడు, వాడు పసరు పోయువాడైనను, తాయెత్తు కట్టువాడైనను, ప్రార్థన పేరుతో కానుక అడుగువాడైనను, తన ఆశను త్రాసులో పెట్టుటకు ఒప్పుకొనునా యని చూడుడి.

మందు వచ్చువరకు చేయవలసిన పని మన చేతిలో నున్నది. అడిగిన ప్రశ్ననే పదిసార్లు అడిగినను పదకొండవసారి నెమ్మదిగా జవాబు చెప్పుట, రాత్రి లేచి తిరుగువారికి దీపము ఉంచుట, బావి గట్టునకు, రోడ్డునకు పోకుండ కాచుట, కాపలా కాయు కోడలికో కూతురికో వారములో ఒకనాడైనను విశ్రాంతి నిచ్చుట. సంఘములోని స్త్రీల సమాజమువారును యౌవనులును ఈ కడపటి పనిని వంతుల ప్రకారము చేపట్టవచ్చును. ప్రతి వీధిలోను అట్టి యిల్లు ఒకటి యుండును. ఈ నెలలోనే ఆ యింటి తలుపు తట్టుడి.